నెత్తుటిలోని రెండవవాడు

*తాతల త్రాగుడు మనుమని చేతిలో కత్తి యగునా? ఎమీల్ జోలా సృష్టించిన జాక్ లాంతియే కథ*

1869వ సంవత్సరము ఫిబ్రవరి నడుమ ఒకనాటి రాత్రి, పారిస్ నుండి లె హావ్ర్ రేవునకు పోవు రైలు మార్గమున, లా క్రవా ద మోఫ్రా అను నిర్జన ప్రదేశమున ఒక యువకుడు నేలపై బోర్లపడి, ముఖమును గడ్డిలో దాచుకొని వెక్కివెక్కి ఏడ్చుచుండెను. వాని పేరు జాక్ లాంతియే. ఇరువది యారేండ్లవాడు, పశ్చిమ రైల్వే కంపెనీలో ఎక్స్‌ప్రెస్ బండ్లను నడపు డ్రైవరు, పనిలో నేర్పరి, మితభాషి, చుక్క సారాయి లోనికి పోయిన తల తిరిగిపోవునని యెరిగి సీసా వంక చూడనివాడు. చిన్ననాడు తన్ను పెంచిన ఫాజీ అత్త ఇంటికి ఆ సాయంకాలము చుట్టపుచూపుగా వచ్చెను. ఆమె కూతురు ఫ్లోర్, లెవెల్ క్రాసింగు గేటు కాయు బలిష్ఠురాలగు పడుచు, చిరకాలముగ అతనిని వలచినది. ఇంటి వెనుక ఆమె కత్తెరతో త్రాళ్ళ ముడులు కోయుచుండగా మాటలు కలిసినవి, చేతులు కలిసినవి. ఆమె రవిక చెదరి కంఠము క్రింది తెల్లని మేను కంటబడినదో లేదో, అతని చేయి ఆమెను విడిచి ఆ కత్తెర కొఱకు వెదకెను. దానిని ఏల వెదకినదో ఆ చేతికే తెలియవలెను. మరుక్షణమున తెలివి తెచ్చుకొని, వెనుకకు తిరిగి చూడక, చీకటిలో పొలములకు అడ్డముపడి పరుగెత్తి, చివరకు అలసి ఆ గడ్డిలో పడెను.

లేచి మరల నడచుచు సొరంగము ద్వారముకడకు వచ్చుసరికి ఎక్స్‌ప్రెస్ బండి వెలికి దూకినది. వెలుగుచున్న కిటికీలు కన్నుమూసి తెరచునంతలో కదలిపోయినవి. అందొక కిటికీలో ఒక పురుషుడు ఇంకొక పురుషుని సీటుపై అదిమిపట్టి కంఠమున కత్తి దించుచుండుటను, అతని కాళ్ళపై ఏదో నల్లని బరువు కూర్చుండుటను అతడు చూచెను. చూచెనా, భ్రమపడెనా యని తానే తేల్చుకొనలేకపోయెను. అయితే పిమ్మట ఆ శవమును చూచినప్పుడు అతని మనస్సున కలిగినది భీతి కాదు, అసూయ. తాను చేయజాలక పారిపోయి వచ్చిన పనిని ఎవడో చేసివేసెను.

అసూయయను ఈ యొక్క మాటలో జోలా తన కథానాయకుని మన ముందు పూర్తిగా విప్పి పెట్టినాడు. 1890లో గ్రంథరూపమున వెలువడిన ‘లా బేత్ యుమేన్’, అనగా ‘మానవ మృగము’, హత్యల నవల. అందు హంతకులు పలువురు కలరు. కాని చంపవలెనను కోరికయే రోగముగా కలిగి, ఆ రోగమును ద్వేషించి, దానినుండి పారిపోవువాడు జాక్ ఒక్కడే. అతనిలో ఇంకొకడు కలడు. వానికి జోలా పేరు పెట్టలేదు. ‘ఆ రెండవవాడు’ అని మాత్రమే అనుచుండును.

నాలుగేండ్లకు ముందు, 1886లో, స్కాట్లండు రచయిత స్టీవెన్‌సన్ తన జెకిల్ డాక్టరు కడుపునుండి హైడ్ అనువానిని వెలికి తీసి, వానికి వేరు ముఖము, వేరు దుస్తులు, వేరు వ్రాలు, వేరు ఇల్లు కూడ నిచ్చి వీథిలో తిరుగనిచ్చినాడు. జాక్‌లోని వానికి ఇవి యేవియు లేవు. హైడ్‌ను జెకిల్ తానై మందు కలుపుకొని త్రాగి పిలిచినాడు. జాక్ ఎవరినీ పిలువలేదు. వాడు తల్లి కడుపుననే వెంట వచ్చినాడని, తల్లికి తన తండ్రినుండి, ఆయనకు తన తల్లినుండి సంక్రమించినాడని జోలా వాదము.

బీటవారిన కుండ

వాదమును తెలిసికొనవలెనన్న ఒక శతాబ్దము వెనుకకు, దక్షిణ ఫ్రాన్సులోని ప్లాసాన్ అను కల్పిత పట్టణమునకు పోవలెను. జోలా పెరిగిన ఎక్స్ పట్టణమే ఆ పేరుతో మారువేషము వేసికొన్నది. అచ్చట 1768లో పుట్టిన అదెలాయిద్ ఫూక్ అను కూరగాయల తోటవాని కూతురు మతిస్థిమితము తప్పిన మనిషి. నరముల బిగువుతో అప్పుడప్పుడు కొయ్యబారిపోయెడిది. రూగోన్ అను తోటపనివానిని పెండ్లాడి ఒక కొడుకును, అతడు పోయిన పిమ్మట మకార్ అను దొంగ సరకు రవాణా చేయు త్రాగుబోతుతో కూడి మరి యిద్దరు బిడ్డలను కనెను. ఆ యిద్దరిలో ఒకడగు ఆంత్వాన్ మకార్ సోమరి, త్రాగుబోతు, భార్యను కొట్టువాడు. వాని కూతురు జెర్వేజ్ పుట్టుకతోనే కుంటిది. ఆ కుంటుతనమునకు కారణము ఆమె కడుపున పడిన రాత్రి తలిదండ్రులు త్రాగియుండుటయే యని జోలా వ్రాసినాడు. జెర్వేజ్ పదునాలుగేండ్లకే తల్లియై, పదునైదున్నరయేండ్లకు జాక్‌ను కనెను. తండ్రి లాంతియేయు నాటికి పిల్లవాడే.

ఈ కుటుంబమున ప్రవహించు దోషమునకు జోలా వాడిన ఫ్రెంచి మాట ‘ఫెల్యూర్’. దానికి మన ‘బీట’ సరిగా సరిపోవును. సంతలో కుండ కొను గృహిణి దానిని కంటితో చూచి కొనదు. ఎడమచేత ఎత్తిపట్టి, కుడిచేతి వ్రేలి కణుపుతో కొట్టి చెవియొగ్గును. కంటికి కనబడని బీట చెవికి దొరకును. మ్రోత బొంగురుపోయిన కుండను మారు మాటాడక క్రింద పెట్టివేయును. జాక్‌ను చూచినవా రెవ్వరును ఆ మ్రోత వినలేదు. అందగాడు, ఉంగరములు తిరిగిన నల్లని జుట్టు, దవడలు మాత్రము కొంచెము బలిసినవి, పసిడి చుక్కలు మెరయు కన్నులు, ఆ ఘడియ వచ్చినప్పుడు ఎఱ్ఱని పొగ క్రమ్మినట్లు మసకబారును. తన బీట మ్రోతను విన్నవాడు తానొక్కడే. పదునారేండ్ల ప్రాయమున తొలిసారి విన్నాడు.

మన పురాణములు చదివినవారి కిచ్చట వేనుడు జ్ఞప్తికి రాక మానడు. భాగవతము నాల్గవ స్కంధమున అంగరాజు ధర్మాత్ముడు. ఆయన భార్య సునీథ మృత్యువునకు కూతురు. వారికి పుట్టిన వేనుడు తండ్రిని పోలక మాతామహుని పోలి, తోటి బాలురను ఆటలాడు చోటనే పశువులను వలె చంపుచుండెను. కొడుకును దిద్దలేక అంగుడు ఒక రాత్రి ఎవరికిని చెప్పక రాజ్యము విడిచి పోయెను. జోలా వేసిన వంశవృక్షములో జాక్ పేరు ప్రక్కను గుణములలో తల్లిని పోలెననియు, రూపమున తండ్రిని పోలెననియు, త్రాగుడు వారసత్వముగా వచ్చి హత్యోన్మాదముగా మారెననియు నున్నది. వేనుని వ్రాసిన పౌరాణికుడును ఇదే మాట చెప్పినాడు. మన ఇండ్లలో పిల్లవాడు గిన్నె విసరికొట్టిన ‘వీనికి వాళ్ళ తాత కోపమే వచ్చినది’ యని నవ్వుచు అనుకొందుము. నవ్వులేని చోట ఈ మాటయే శాపమగును.

పౌరాణికునికి మృత్యుదేవత చాలినది. పందొమ్మిదవ శతాబ్దపు నవలాకారునికి శాస్త్రము కావలసివచ్చెను. జోలా ప్రాస్పేర్ లూకా అను వైద్యుడు 1847, 1850 సంవత్సరముల నడుమ వెలువరించిన వంశానుక్రమ గ్రంథమును శ్రద్ధతో చదివి వ్రాసికొన్నాడు. క్లోద్ బెర్నార్ 1865లో ప్రకటించిన ప్రయోగాత్మక వైద్యశాస్త్ర పీఠికను చదివి, వైద్యుడు ప్రయోగశాలలో చేయు పనిని నవలాకారుడు కాగితముపై చేయవలెనని 1880లో ఒక సిద్ధాంతమునే ప్రతిపాదించినాడు. 1871 మొదలు 1893 వఱకు ఇరువది నవలలలో రూగోన్-మకార్ కుటుంబమును నాలుగైదు తరములు నడిపించుటకు ఈ శాస్త్రము అతనికి వెన్నుబలము. కాని మెండెల్ బఠాణీ మొక్కల ఫలితములు 1866లో అచ్చయియు 1900 వఱకు మూలబడియే యుండెను. తలిదండ్రుల గుణములు బిడ్డలో కలియును, అతుకును, ఒకటి గెలుచును అను లూకా లెక్కలే జోలాకు దిక్కు. ఆ శాస్త్రము ఎంతవఱకు పోగలదో చూపుటకు ఒక్క ఉదాహరణ చాలును: చివరి నవలయగు ‘డాక్టర్ పాస్కల్’లో తాత ఆంత్వాన్ మకార్ త్రాగి త్రాగి, పొగాకు గొట్టపు నిప్పు అంటుకొని, తన దేహములోని సారాయితోనే దీపమువలె కాలి బూడిదయగును. నవ్వు వచ్చును గాని, నీలిమంటలో ఆ ముసలివాడు కరగిపోవు పుటలు చదివినవారు వానిని మరచుట కష్టము.

ఇంజను, కత్తి, కంఠము

శాస్త్రము పాతబడినను జాక్ పాతబడలేదు. ఏలన జోలా కారణములు చెప్పుచోట బలహీనుడు, ఆ స్థితిని చూపుచోట అసమానుడు.

ఆ రెండవవానిని అణచుటకు జాక్ ఒక ఉపాయము కనుగొనెను. అది లా లిజోన్. ఒక స్టేషను పేరు పెట్టిన ఎక్స్‌ప్రెస్ ఇంజను; చెప్పినట్లు వినును, త్వరగా ఆవిరి పట్టును, నిలుకడగా పోవును; ఒక్కటే దోషము, చమురు విస్తారముగ త్రాగును. ఆ యొక్క ఆకలిని అతడు ప్రియురాలి చిన్న దోషమును వలె సహించినాడు. ఇంజను ప్లాట్‌ఫారముపై, కంటికి గాలి కొట్టుచుండగా, చేయి రెగ్యులేటరుపై నున్నంతసేపు వాని అలికిడి లేదు. స్త్రీలతో తీరని దానిని అతడు ఆ యినుముతో తీర్చుకొనెను. లిజోన్‌ను అతడు వలచెననుటలో జోలా అతిశయోక్తి చెప్పలేదు.

బొగ్గు ఇంజన్లు నడచిన కాలమున, బండి పెద్ద స్టేషనులో ఆగినప్పుడెల్ల, మా బోటి పిల్లలము తలిదండ్రుల కన్నుగప్పి ముందుకు పరుగెత్తి ఇంజను చూచెడివారము. ఫైర్‌మన్ పార ఎత్తగానే కొలిమి తలుపు తెరచుకొనెడిది. ఒక్క గడియ ఆయన చెమట పట్టిన ముఖము, మెడలోని గుడ్డ, గోడమీది ఇత్తడి గడియారములు ఎఱ్ఱగా మండినట్లు కనబడి, తలుపు పడగానే సమస్తము చీకటియగును. అంత నిప్పు లోపల నుంచుకొని ఆ నల్లని యినుము ఎట్లు కిమ్మనక నిలుచున్నదోయని ఆశ్చర్యమగుచుండెను. జోలా 1889లో పారిస్ నుండి మాంత్ వఱకు ఇంజనుపై నిలుచుండి ప్రయాణము చేసి, ఆ కొలిమి తలుపు ప్రక్కన నిలిచి చూచినవాడు. మేదాన్‌లోని అతని ఇంటి తోట చివరనే ఈ రైలుమార్గము పోవుచుండెను. ఇంజను వర్ణించునపుడు అతనికి ఉపమానము వెదకుకొను పని లేకపోయినది.

బండిలో జరిగిన హత్య చేసినవారు లె హావ్ర్ స్టేషనులో ఉప స్టేషను మాస్టరగు రూబో, అతని భార్య సెవెరీన్. చనిపోయినవాడు గ్రాన్‌మోరాన్ అను మాజీ న్యాయాధ్యక్షుడు, రైల్వే కంపెనీలో పెద్ద. సెవెరీన్‌ను బాల్యమునందే చెరచి, పిమ్మట కట్నమిచ్చి రూబోకు కట్టబెట్టిన పోషకుడు. ఒక ఉంగరము సంగతి నోరు జారి చెప్పుటతో భర్తకు గుట్టు తెలిసెను. భార్య తనకు కానుకగా తెచ్చి యిచ్చిన క్రొత్త కత్తితోనే అతడు ఆ వృద్ధుని చంపెను. చూచిన సాక్షి నోరు మూయించుటకై సెవెరీన్ జాక్‌కు చేరువయై, అతని ప్రియురాలయ్యెను. ఆశ్చర్యమేమనగా ఆమె కడ రెండవవాడు చాలకాలము మేల్కొనలేదు. ఆమె చేతులకు నెత్తురంటి యున్నదని తెలియుటచేతనే, ఆమె తనకంటె ఒక అడుగు ముందున్న దనిపించుటచేతనే, వాడు నిద్రించెనేమో.

వానిని మేల్కొలిపినది ఆమె మాటలే. పారిస్‌లో ఒక చలికాలపు రాత్రి, సేన్ లజార్ స్టేషను ప్రక్కనున్న ఒక గదిలో, దీపమార్పిన పిమ్మట ఆమె జరిగిన హత్యను మొదటినుండి చివరివఱకు వివరముగ చెప్పును. పొయ్యి రంధ్రమునుండి పైకప్పుపై ఒక ఎఱ్ఱని గుండ్రని వెలుగు పడియుండును. ఆమె ఎట్లు కాళ్ళపై కూర్చున్నది, ఆ దేహము ఎట్లు కొట్టుకొన్నది అని అతడు మరల మరల అడుగును, ఆమె చెప్పును. ఆమె నిద్రపోయిన పిమ్మట అతనికి నిద్రపట్టదు. బల్లపైనున్న కత్తిని తీసికొని, ఈమెను చంపకుండుటకై ఇంకెవరినైన చంపవలెనని, తెల్లవారుజామున వీథిలో పడును.

ఆ ఉదయపు నడక నవలయందెల్ల ఉత్తమ భాగమని నా యెన్నిక. ఒక స్త్రీ వెంట నడచును, ఆమె తప్పిపోవును. ఇంకొకతె వెంట లోకల్ రైలెక్కి ఎదుట కూర్చుండును, నడుమ మరియొకతె వచ్చి కూర్చుండుటచే ఆమె బ్రదుకును. ఆ స్త్రీలకెవ్వరికి ఏమియు తెలియదు. పిమ్మట ఒక పొర. కొన్ని గంటల తరువాత అతడు తన గదిలో మంచముపై నిండు దుస్తులతో మేల్కొనును. నడుమ నేమి చేసినాడో జ్ఞప్తి లేదు. నడచిన కాళ్ళు తనవే, నడపినవాడు వేరు. గీత మూడవ అధ్యాయమున అర్జునుడు శ్రీకృష్ణునితో తన చిత్తమునకు వ్యతిరేకముగ మనుష్యుని పాపమునకు నెట్టునదెవరని అడిగినప్పుడు ఆయనకు సమాధానము దొరకినది. పక్కపై కూర్చుండి తన చేతులను తిప్పి తిప్పి చూచుకొను డ్రైవరునకు సమాధానము చెప్పువారు లేరు. మన పల్లెలలో పూనకము వచ్చినవానికి వేపమండలు, పసుపునీళ్ళు, ‘ఎవరు నీవు, ఏమి కావలె’ నని యడుగు పెద్దయైన నుండును. జాక్‌ను ఎవరును ఆ ప్రశ్న అడుగలేదు. అతడు ఎవరికిని చెప్పనులేదు.

సెవెరీన్ భర్తను చంపుమని కోరును. కారణములన్నియు సమకూరినవి: అమెరికాకు పోవచ్చును, ధనమున్నది, ప్రేమ యున్నది, రూబో జూదమున మునిగి మనిషి కాకుండ పోయినాడు. జాక్ కత్తి పట్టి, రాత్రి రైలు యార్డులో అతని అడుగులు సమీపించువఱకు కాచి, చేయెత్తలేక విడిచిపెట్టును. తర్కము చేత మనుష్యుని చంపుట అతనివల్ల కాదు. కొన్ని యేండ్ల క్రితమే ఫ్రెంచి పాఠకుల చేతికి వచ్చిన దొస్తొయెవ్‌స్కీ నవలలోని విద్యార్థి ఆలోచించి ఆలోచించి చంపెను. వానికి జోలా ఇట్లు ఎదురు మాట చెప్పినాడు. ఇక్కడ ఆలోచన కత్తిని క్రిందికి దించును.

చివరి ప్రయత్నము లా క్రవా ద మోఫ్రాలో, సెవెరీన్‌కు దక్కిన గ్రాన్‌మోరాన్ ఇంటనే జరుగును. రూబోను రప్పించినారు, అతడు దారిలో నున్నాడు, జాక్ తలుపు వెనుక నిలువవలెను. సెవెరీన్ రాత్రి చొక్కాయతో, దీపము వెలుగున, అతని మెడ చుట్టి చేతులు వేయుటకు వచ్చును. అతడు దగ్గఱకు రావలదని బతిమాలును. దీపము తీసివేయుమనును. ఆమె యిది ప్రణయకోపమని భావించి ఇంకను దగ్గఱకు వచ్చును. తల వెనుకకు వాల్చి కంఠమును చూపును. రూబో అడుగులు ఇంకను వినబడవు. కత్తి దిగును. అదే కత్తి. ఎవరిని చంపుటకు అంత కూడబలుకుకొన్నారో అతడు ఇంకను దారిలోనే యున్నాడు.

పిమ్మట జాక్‌కు కలిగినది పశ్చాత్తాపము కాదు, విశ్రాంతి. ఇక స్వస్థుడనైతినని అతడు నమ్మినాడు. తన ఇంజనుపై పనిచేయు ఫైర్‌మన్ పెక్యో ప్రియురాలితో స్నేహము కలిసిన కొలది నెలలలోనే ఆ కంఠతృష్ణ మరల రేగినది. ఒకసారి అప్పు తీర్చినచో ఖాతా మూసినట్లేయని తలచినాడు. తాతల అప్పు వడ్డీతో చేయి చాచుచునే యున్నది.

వంశవృక్షము లేని హంతకులు

ఇంతవఱకు చదివి, పాపమంతయు మకార్ రక్తముననే యున్నదని పాఠకుడు తలచినచో నవలను సగము చదివినట్లే. ఇందు ఎవరెవరు చంపినారో ఒక్కసారి లెక్కింపుడు. రూబో అసూయచే చంపెను. ఫాజీ అత్త భర్తయగు మిసార్, ఆమె దాచిన వేయి ఫ్రాంకుల కొఱకు ఉప్పులో విషము కలిపి నెలల తరబడి నెమ్మదిగ చంపెను. ఆమె పోయిన పిమ్మట ఆ డబ్బుకై ఇల్లంతయు త్రవ్వుచునే యుండును. ఫ్లోర్ జాక్‌ను, సెవెరీన్‌ను ఒక్కసారి తుదముట్టింపవలెనని రాళ్ళ బండిని, గుఱ్ఱములతో సహా, ఎక్స్‌ప్రెస్‌కు అడ్డముగ పట్టాలపై నిలిపి, ఎందరినో సంబంధము లేనివారిని చంపి, ఆ యిద్దరు మాత్రము బ్రదుకగా, సొరంగములో ఎదురు రైలునకు తల యొడ్డెను. ఆ ప్రమాదముననే లా లిజోన్, పొట్ట చీలిన మృగమువలె, ఆవిరి వదలి చల్లబడినది. పెద్దమనిషి గ్రాన్‌మోరాన్ సంగతి సరేసరి. వీరిలో ఎవరికిని తాతల సారాయి చెప్పవలసిన పని లేదు. అసూయ, వేయి ఫ్రాంకులు, భగ్నప్రేమ, అధికారము, ఇవి చాలినవి. వంశానుక్రమమును నిరూపింప బూనిన నవలలో వంశానుక్రమము లేని హంతకులే ఎక్కువ. అందు తనతో తాను పోరాడినవాడు మాత్రము ఆ వంశమువాడే.

న్యాయస్థానము చేసిన పని ఇంకను విచిత్రము. దెనిజే అను మేజిస్ట్రేటు, తన తెలివిపై తనకే మురిపెము గలవాడు, రెండు హత్యలను ఒక్క త్రాట కట్టి, రూబో డబ్బుకై చేయించినాడనియు, కబూష్ చేసినాడనియు తేల్చును. కబూష్ అడవి అంచున గుడిసెలో నుండు రాతిపనివాడు, మోటువాడు, సెవెరీన్‌ను దూరమునుండి ఆరాధించి, ఆమె పారవేసిన సూదులు, చేరుమాళ్ళు దాచుకొన్నవాడు. చనిపోయిన ఆమెను ఎత్తుకొనగా చేతులకు నెత్తురైనది. ఇద్దరికిని యావజ్జీవ కఠినశిక్ష. అసలు నిజమును తెలుపు ఉత్తరమును ప్రభుత్వములోని పెద్ద యొకడు, రాజ్యము పరువు కొఱకు, మంటలో వేసెను.

వేనుని కథ నేల తెచ్చితినో యిప్పుడు చెప్పవచ్చును. ఋషులు వేనుని చంపిన పిమ్మట ఆతని తొడను మథింపగా పొట్టియై నల్లనైన యొక పురుషుడు పుట్టి, వేనుని పాపమంతయు తాను గ్రహించి, నిషాదుడై అడవికి పోయెననియు, ఆ పిమ్మట బాహువులను మథింపగా పృథుచక్రవర్తి పుట్టెననియు పురాణము. రాజు పాపము అడవివాని నెత్తినకు పోయినది, సింహాసనము శుభ్రమైనది. పురాణమున నాకు రుచింపని ఘట్టములలో నిది యొకటి. జోలా ఈ కథను ఎరుగడు. కాని అతని మేజిస్ట్రేటు సరిగా ఆ పనియే చేసినాడు. చూడముచ్చటగ నున్న డ్రైవరును ఎవరును అనుమానింపలేదు. అడవివాడు దొరకినాడు.

నేరస్థుని పుఱ్ఱెను, దవడను కొలిచి పోల్చవచ్చునని ఇటలీ వైద్యుడు లొంబ్రోసో 1876లో గ్రంథము వ్రాసినప్పటినుండి యూరపున మ్రోగుచున్న కాలమది. జోలా ఆ గ్రంథమునుండి జాక్‌కు దవడలు మాత్రము తీసికొని, మిగిలిన అందము తానిచ్చినాడు. మన కాలపు శాస్త్రజ్ఞులును ఈ ప్రశ్నను విడువలేదు. 1993లో నెదర్లాండ్స్‌లోని ఒక కుటుంబమున దుడుకు పనులు చేయు కొందరు పురుషులలో ఎం.ఏ.ఓ.ఏ. అను జన్యువు చెడియున్నట్లు కనుగొన్నారు. అది ఎక్స్ క్రోమోజోముపై నుండుటచే కొడుకునకు తల్లినుండియే వచ్చును. జోలా చూచియున్న ఎంత మురియునో! కాని 2002లో న్యూజీలండు పిల్లలను పెరిగి పెద్దవారగువఱకు గమనించిన పరిశోధకులు, ఆ జన్యువు మందముగ పనిచేయువారిలో బాల్యమున హింసపడినవారే హింసకు దిగు అవకాశము హెచ్చని చెప్పినారు. బీట ఒకచోట, దెబ్బ వేరొకచోట. ఫ్రెంచి తత్త్వవేత్త దెల్యూజ్ 1960లలోనే ఈ నవలను గూర్చి వ్రాయుచు, వారసత్వముగ వచ్చునది హత్యయు కాదు, త్రాగుడును కాదు, బీట మాత్రమేననియు, దానిలో ఏది నిండునో అది వేరు సంగతియనియు అభిప్రాయపడినాడు. జెర్వేజ్ బిడ్డలు అందుకు సాక్ష్యము. పెద్దవాడు క్లోద్ చిత్రకారుడై, ముగింపలేని బొమ్మ ముందు ఉరిపోసికొనెను. నానా పారిస్ ధనికుల కొంపలు కూల్చిన వేశ్య. ఎతియెన్ గనికార్మికుల నాయకుడయ్యెను. ఒకే బీట, వేరువేరు నీళ్ళు.

ఈ నవలనుండి తీసిన చలనచిత్రములను గూర్చి రెండు మాటలు. జ్యాఁ రెన్వార్ 1938లో తీసిన చిత్రమున జ్యాఁ గాబిన్ స్వయముగ ఇంజను నడపుట నేర్చి జాక్ వేషము వేసినాడు. బొగ్గుమసి నడుమ ఆ కన్నులలో రెండవవాడు తొంగిచూచుట చూడవలెను. ఫ్రిట్జ్ లాంగ్ 1954లో హాలీవుడ్‌లో తిరిగి తీసినపుడు నాయకునినుండి ఆ వారసత్వమును ఊడబెరికినాడు. అతడు కొరియా యుద్ధమునుండి వచ్చిన మంచివాడు, ఎవరినీ చంపడు. చిత్రము చక్కగనే నడచును గాని, కొలిమిలో నిప్పులేని ఇంజను.

నవల ముగింపు ఇట్లున్నది. 1870 జూలై, ప్రష్యాతో యుద్ధము. లిజోన్ స్థానమున వచ్చిన 608వ నంబరు ఇంజను, క్రొత్తది, పొగరుబోతు. సైనికులతో క్రిక్కిరిసిన బండి. ఫైర్‌మన్ పెక్యో త్రాగి, అసూయచే జాక్‌తో కలియబడి, ఇద్దరును పట్టుకొని క్రిందపడి చక్రముల క్రింద నలిగిపోదురు. నడపువాడు లేని బండి, లోపల త్రాగి పాడుచున్న సైనికులతో, స్టేషనులు దాటి చీకటిలోనికి పోవును. ఒక్కనిలోని రెండవవాడు చచ్చినాడు. రాజ్యములోని వాడు బయలుదేరినాడు.

ఇక జాక్ నిజమైన పుట్టుక. అది మకార్‌ల రక్తమున జరుగలేదు. జోలా వ్రాతబల్లపై జరిగినది. నవలామాలకు మొదట వేసికొన్న ప్రణాళికలో నేరస్థుని కథకు అతడు ఎన్నుకొన్నది ఎతియెన్‌ను. కాని 1885లో ‘జెర్మినాల్’ వ్రాయునపుడు గనికార్మికుల నాయకునిగ వానిని వాడుకొనవలసివచ్చెను. త్రాగినచో చంపవలెననిపించు గుణము మాత్రము పాత ప్రణాళికనుండి వానికి మిగిలిపోయి, గనిలో ఒకనిని చంపించినది. అట్టి ప్రజానాయకుని రైలు హంతకునిగ మార్చుట తగదని, జోలా 1889లో జెర్వేజ్‌కు ఇంకొక కొడుకును కల్పించి, తల్లి పారిస్ పోవునపుడు ఆరేండ్లవానిని ఫాజీ అత్తకడ విడిచిపోయెనని ఒక్క వాక్యముతో సరిపెట్టినాడు. వంశమును బట్టి మనిషి పుట్టవలెనని శాస్త్రము చెప్పువాడు, మనిషిని బట్టి వంశమున కొమ్మ అతికినాడు.

1878లో జోలా మొదటిసారి అచ్చువేయించిన వంశవృక్షములో ఆ కొమ్మ లేదు. అంతకు ముందటి యేడు గ్రంథరూపమున వచ్చిన ‘లాసొమ్వార్’ మొదటి పుటలను ఇప్పుడు తెరచి చూచినను, పారిస్ హోటలు గదిలో తెల్లవారువఱకు లాంతియేకై కాచి ఏడ్చిన జెర్వేజ్ వెనుకకు తిరుగునప్పుడు, ఒకే దిండుపై నిద్రించు బిడ్డలు ఇద్దరే: ఎనిమిదేండ్ల క్లోద్, నాలుగేండ్ల ఎతియెన్.